మిషనరీల కంటే ముందు వచ్చిన అమెరికా దొర



మన సంఘాల్లో అమెరికా దొర అనగానే అందరికీ ఒకే రూపం కళ్లముందుకు వస్తుంది. నెత్తిన టోపీ, చేతిలో బైబిలు, ఎద్దుల బండి. 1836లో శామ్యూల్ డే దొర తెలుగు దేశానికి వచ్చి, 1840లో నెల్లూరు చేరాడు. తర్వాత జ్యువెట్ దొర, ఆ తర్వాత ఒంగోలులో క్లౌ దొర. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి మన ముసలమ్మలు ఇప్పటికీ సాక్ష్యాల్లో చెబుతారు. ఆ కరువు రోజుల్లో క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కాంట్రాక్టు పట్టి, ఆకలితో ఉన్నవాళ్లకు పని, కూలి దొరికేలా చేశాడు. ఈ చరిత్ర మనకు కొత్త కాదు.

అయితే డే దొర ఓడ దిగడానికి నలభై ఏడేళ్ల ముందే ఇంకొక అమెరికా దొర మన దేశానికి వచ్చాడు. ఆయన చేతిలో బైబిలు కాదు, తుపాకీ ఉంది. హైదరాబాదు నిజాం దగ్గర జీతానికి కుదిరాడు. తర్వాత అమెరికా వెళ్లి అక్కడి సైన్యంలో జనరల్ అయ్యాడు. పేరు జాన్ పార్కర్ బాయ్డ్. ఈయన గురించి మన సండే స్కూల్లో ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేకపోయింది. కానీ అఫ్జల్‌గంజ్‌లో పనిచేస్తున్న మన సంఘపు బిడ్డ ఒకడు మమ్మల్ని ఒక ప్రశ్న అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు వెదుకుతూ చదువుకుంటూ పోతే ఈ దొర తగిలాడు. కాబట్టి ముందు దొర సంగతి, తర్వాత బిడ్డ సంగతి.

బాయ్డ్ 1764 డిసెంబరులో మసాచుసెట్స్ రాష్ట్రంలోని న్యూబరీపోర్ట్ అనే రేవు పట్టణంలో పుట్టాడు. ఆ ఊరి పేరు మనలో కొందరికి తెలిసే ఉంటుంది. పొలాల్లో, వీధుల్లో నిలబడి వేలమందికి సువార్త ప్రకటించిన జార్జి విట్‌ఫీల్డ్ 1770 సెప్టెంబరు 30న చనిపోయింది ఆ ఊళ్లోనే. ఆయన్ను అక్కడి గుడి కిందే పెట్టారు. అప్పటికి మన బాయ్డ్ ఇంకా ఆరేళ్లు నిండని పిల్లవాడు. ఒకే ఊరి మట్టిలో ఒక ప్రసంగీకుని ప్రయాణం ముగిసింది, ఒక సిపాయి ప్రయాణం మొదలయింది. దీన్నుండి ఏ మర్మమూ తీయబోవడం లేదు గానీ, చదివినప్పుడు ఇద్దరం కాసేపు ఆగాం.

1786లో చిన్న అధికారిగా సైన్యంలో చేరాడు. అప్పుడే పుట్టిన దేశం, ఖాళీ ఖజానా, సైన్యమంటే పేరుకు మాత్రమే. అక్కడ ఎదుగుదల లేదనుకున్నాడో ఏమో, 1789లో ఓడ ఎక్కి ఇండియా వచ్చాడు. మన పిల్లలు ఇంటర్ అవగానే బస్సెక్కి పట్నం పోయినట్టే. దేశం కొత్త, భాష కొత్త, కానీ పని ఉంది.

అప్పుడు హైదరాబాదును ఏలుతున్నది రెండవ నిజాం, నిజాం అలీఖాన్. అఫ్జల్‌గంజ్ అనే పేరే అప్పటికి లేదు. 1857 నుండి 1869 వరకు ఏలిన అయిదవ నిజాం అఫ్జలుద్దౌలా మీదుగా వచ్చిన పేరు అది. ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఎదుట అడుగు తీసి అడుగు వేయలేని నయాపూల్ కూడా అప్పుడు లేదు. మూసీ దాటాలంటే ఉన్న వంతెన ఒక్కటే, 1578లో కట్టిన పురానాపూల్.

ఆ రోజుల్లో సైన్యం కట్టడం ఒక వ్యాపారం. నేడు సెక్యూరిటీ ఏజెన్సీ ఎలాగో అలాగే. దొర ఒకడు తుపాకులు, మందుగుండు, కొన్ని ఏనుగులు సమకూర్చుకుంటాడు. జనాన్ని పోగుచేసి కవాతు నేర్పిస్తాడు. ఆ పటాలాన్ని నెలకింతని రాజుకు కిరాయికి ఇస్తాడు. రాజు జీతం ఇస్తే యుద్ధం, ఇవ్వకపోతే వేరే రాజు. బాయ్డ్ దగ్గర మూడు పటాలాలు ఉండేవి, ఒక్కొక్కదానిలో సుమారు 500 మంది. ఆయుధాలు సర్కారువి కావు, ఆయన సొంతం. హోల్కరు, పీష్వా, నిజాం, వీరి ముగ్గురి కొలువులోనూ పనిచేశాడు. ఇవాళ్టి యజమానికి ఎదురుగా రేపు నిలబడవలసి వస్తే అదీ ఆ వృత్తిలో భాగమే.

హైదరాబాదులో అప్పటికే ఫ్రెంచి దొర రేమండ్ ఉన్నాడు. అబిడ్స్ దగ్గర గన్‌ఫౌండ్రీలో 1786లో ఫిరంగులు పోసే కార్ఖానా పెట్టించింది ఆయనే. జనం ఆయన్ను మూసారాం అనేవారు, మూసారాంబాగ్ ఆ పేరే. ఆయన బలం పెరిగిపోతుంటే ఇంగ్లీషువాళ్లకు కంటగింపు అయింది. ఆయనకు దీటుగా నిజాం కొలువులో వేరే పటాలాలు ఉండాలని వాళ్లు కోరుకున్నారు. అలా నిలిపినవాటిలో ఫింగ్లాస్ అనే ఆయనది ఒకటి, మన బాయ్డ్‌ది ఒకటి. అంటే ఈ అమెరికావాడు ఒక పలుపుతాడుకు ఎదురుగా కట్టిన రెండో పలుపుతాడు. ఆ ఏళ్లలోనే, 1795 మార్చిలో, ఖర్దా దగ్గర మరాఠాల చేతిలో నిజాం ఓడిపోయాడు. రాత్రివేళ పుట్టిన కలవరానికి సైన్యం చెదిరిపోయి, నిజాం ఒక చిన్న కోటలో దూరి రెండు వారాలకు పైగా చిక్కుకుపోయాడు. చివరికి దౌలతాబాదు కోటను, చాలా భూమిని వదులుకుని, పెద్ద మంత్రిని మరాఠాలకు జామీనుగా ఇచ్చి బయటపడ్డాడు.

ఇక్కడ దొరను కాసేపు పక్కనపెట్టి ఒక మాట చెప్పాలి. ఆ పటాలాల్లో తుపాకి మోసినవాళ్లు ఎవరు? వాళ్ల పేర్లు మనకు దొరకవు. అయితే ఆ కాలంలో ఉత్తరదేశంలో ఇలా కవాతు నేర్చిన కిరాయి సిపాయిని ‘తిలంగా’ అనేవారు. మొదట్లో ఇంగ్లీషువాళ్లు, ఫ్రెంచివాళ్లు మన తెలుగు నేల నుండి జనాన్ని ఎక్కువగా చేర్చుకున్నందుకు వచ్చిన పేరది. తర్వాత ఏ ప్రాంతంవాడు యూనిఫాం వేసుకున్నా తిలంగాయే అయ్యాడు. ఢిల్లీలో, లక్నోలో మన జాతి పేరు అంటే జీతానికి తుపాకి పట్టేవాడు అన్నమాట. మనం తెలంగాణ అని గర్వంగా చెప్పుకునే పేరుకు చుట్టరికం ఉన్న పేరే అది. పొలం ఎండితే, అప్పు పెరిగితే, మన తాత ముత్తాతలు యూనిఫాం తొడుక్కుని ఎవరి గుమ్మం ముందో నిలబడ్డారు. ఇప్పుడు మన పిల్లలు నిలబడుతున్నారు.

ఆ బిడ్డ అలాంటివాడే. వాడిని అడిగాకే ఇది రాస్తున్నాం, పేరు మాత్రం రాయం. అఫ్జల్‌గంజ్‌లో ఒక గోదాము దగ్గర రెండేళ్లుగా కాపలా. పన్నెండు గంటల డ్యూటీ. ఈ మధ్య ఏజెన్సీవాళ్లు అక్కడి నుండి తీసి ఒక బారు దగ్గర వేశారు. లోపలికి వచ్చేవాళ్లకు సలాం కొట్టి తలుపు తీయాలి. బయటికి వచ్చి పడిపోయినవాళ్లను లేపి ఆటో ఎక్కించాలి. వాళ్ల నాన్న ఎలా పోయాడో సంఘమంతటికీ తెలుసు. ఆ సమాధి కార్యక్రమం చేసింది మేమే.

మేము ఒక సహోదరిని ఉస్మానియా ఆసుపత్రికి చూపించడానికి వెళ్లిన రోజు వాడు మమ్మల్ని కలవడానికి వచ్చాడు. మధ్యాహ్నం, సెంట్రల్ లైబ్రరీ గోడ పక్కన నీడలో నిలబడ్డాం. రాత్రంతా నిద్ర లేక కళ్లు ఎర్రగా ఉన్నాయి. అమ్మగారు తెచ్చిన సద్ది తింటూ అడిగాడు.

“అయ్యగారూ, మా నాయినను తిన్నదాని తలుపు నేనే తీస్తున్న. గిది పాపమా కాదా, ఒక్క మాట చెప్పుండ్రి. పాపమంటే ఇయ్యాలనే ఇడిసిపెడ్త.”

“ఇడిసిపెడ్తే మీ అమ్మ ఆపరేషన్ అప్పు ఎట్ల కడ్తవు బిడ్డా?” అని అమ్మగారు అడిగారు.

వాడు మాట్లాడలేదు. డబ్బా మూత పెట్టి నీళ్లు తాగాడు.

మేమూ ఆ రోజు జవాబు చెప్పలేదు. వాక్యంలో చూసి, ప్రార్థన చేసి చెబుతామన్నాం.

వాక్యంలో సైనికులు ఎక్కువే. బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి కొందరు సైనికులు వచ్చి మేము ఏమి చేయాలని అడిగారు, లూకా మూడవ అధ్యాయంలో. యోహాను వాళ్లను కత్తి పారేసి అరణ్యానికి రమ్మనలేదు. జనాన్ని పీడించవద్దని, అబద్ధపు నేరాలు మోపవద్దని, వచ్చే జీతంతో సరిపెట్టుకోమని చెప్పి పంపాడు. హేరోదును ముఖం మీదనే గద్దించిన మనిషి, ఆ సిపాయిల దగ్గర మాత్రం కొరడా తీయలేదు. ఎవరి చేతిలో ఎంత అధికారం ఉందో ఆయనకు తెలుసు. మేము దానిని అలాగే అర్థం చేసుకుంటున్నాం.

నయమాను సంగతి మరీ దగ్గరిది. అతడు సిరియా సైన్యాధిపతి. కుష్ఠం పోయాక యెహోవా తప్ప వేరే దేవుడు లేడని ఒప్పుకున్నాడు. తర్వాత ఒక చిక్కు బయటపెట్టాడు. నా యజమాని రిమ్మోను గుడికి వెళ్లినప్పుడు నా చేతి మీద ఆనుకుంటాడు, అప్పుడు నేనూ వంగాల్సి వస్తుంది, ఆ ఒక్క విషయంలో దేవుడు నన్ను క్షమించాలి అన్నాడు. ఉద్యోగం ఒకవైపు, మనస్సాక్షి ఒకవైపు. ఎలీషా ఏమన్నాడో మీరు బైబిలు తీసి చూడండి, రాజులు రెండవ గ్రంథము అయిదవ అధ్యాయం. సరే అనలేదు, కూడదు అని కూడా అనలేదు. సమాధానంతో సాగనంపాడు. దీని మీద మేము ఎన్నో ప్రసంగాలు విన్నాం. చాలామంది గేహజీ దగ్గరికి త్వరగా వెళ్లిపోతారు, ఎందుకంటే గేహజీకి శిక్ష స్పష్టంగా ఉంది. నయమాను ప్రశ్న దగ్గర నిలబడడం కష్టం.

ఇక బాయ్డ్ దొర. చివరికి ఆయన తన పటాలాన్ని ఫిలోజ్ అనే నేపుల్స్ దొరకు అమ్మేశాడు. తుపాకులు, ఫిరంగులు, ఏనుగులు, అంతా బేరంలో పోయింది. ఆ సిపాయిలను ఎవరైనా అడిగారా అని మనకు అనిపిస్తుంది. పైసలతో పారిస్ వెళ్లి కొంతకాలం ఉన్నాడు. 1808లో అమెరికా సైన్యం ఆయన్ను నాల్గవ పదాతి దళానికి కర్నలుగా తీసుకుంది.

1811 నవంబరు 7 తెల్లవారకముందు, టిప్పెకనూ నది దగ్గర, హారిసన్ అనే గవర్నరు కింద బాయ్డ్ పోరాడాడు. తమ భూమి పోకుండా నిలబడాలని ఆ దేశపు మూలవాసులు టెకుమ్సే, అతని తమ్ముడు అనే ఇద్దరి నాయకత్వంలో అక్కడ ఒక ఊరు కట్టుకున్నారు. చీకట్లో జరిగిన ఆ పోరులో అమెరికా పక్షాన అరవై మందికి పైగా చనిపోయారు. వాళ్లు దీన్ని విజయం అన్నారు. మరునాడు ఆ ఖాళీ ఊరిని, చలికాలానికి దాచుకున్న మొక్కజొన్నను, చిక్కుళ్లను తగలబెట్టారు. మనం గింజ విలువ తెలిసినవాళ్లం. గరిసెలో ధాన్యానికి నిప్పు పెట్టడమంటే ఏమిటో మనకు ఎవరూ వివరించనక్కరలేదు. హారిసన్ ఆ గెలుపు పేరు చెప్పుకుని 1841లో ప్రెసిడెంటు అయ్యాడు, నెల తిరగకుండా చనిపోయాడు. అమెరికా అనగానే అంతా మిషనరీలేననుకునే మన పెద్దలకు ఈ ముక్క కాస్త చేదుగా ఉంటుంది. ఉండనివ్వండి.

1812లో ఇంగ్లండుతో యుద్ధం వచ్చింది, బాయ్డ్‌ను బ్రిగేడియర్ జనరల్ చేశారు. మరుసటి మే నెలలో ఫోర్ట్ జార్జి పట్టుకున్నప్పుడు తన దళంతో బాగానే చేశాడు. ఆ తర్వాత వేసవిలో అక్కడి సైన్యమంతా ఆయన చేతికి వచ్చింది. కానీ పెద్ద పోరు పెట్టుకోవద్దని పైనుండి ఆజ్ఞ. బాధ్యత ఇచ్చి చేతులు కట్టడం సైన్యంలోనే కాదు, చాలాచోట్ల చూస్తాం.

ఆయన పేరు చెడింది 1813 నవంబరు 11న, కెనడాలో క్రిస్లర్స్ ఫార్మ్ అనే పొలంలో. అమెరికా సైన్యం పడవల మీద సెయింట్ లారెన్స్ నది వెంట మాంట్రియల్ వైపు పోతోంది. వెనుక నుండి సుమారు 900 మంది ఇంగ్లీషు సైన్యం వెంటాడింది. ప్రధాన సేనాని విల్కిన్సన్ జబ్బుతో పడవలో పడుకుని ఉన్నాడు. రెండో ఆయన లూయిస్‌కూ ఒంట్లో బాగాలేదు. బాయ్డ్‌ను ఒడ్డుకు పంపి, పో, వాళ్లను తరిమికొట్టు అన్నారు. ఆయన దగ్గర దాదాపు 2,500 మంది, అంటే ఎదుటివాళ్లకు రెండింతలు దాటి. కానీ బురదలో, చల్లటి వానలో అలిసిన జనం. ఫిరంగులు ఆలస్యంగా వచ్చాయి. ఆయన దళాలను ఒక్కుమ్మడిగా కాక ముక్కలు ముక్కలుగా ముందుకు పంపాడు. ఓడిపోయారు. అమెరికావాళ్లు 102 మంది చనిపోయారు. ఆ ఏటి దండయాత్ర అంతటితో ఆగిపోయింది.

తోటి సేనానులు ఆయన్ను చాలా కఠినంగా విమర్శించారు. ఒకరి కింద పనిచేస్తే ధైర్యవంతుడే, పెద్ద బాధ్యత నెత్తిన పడితే తడబడతాడని వాళ్ల మాట. అది నిజమే అయ్యుండవచ్చు. ఇరవై ఏళ్ల వయసు నుండి ఒకరి జీతం కింద ఒకరి యుద్ధం చేసిన మనిషి. కానీ మేము చదువుతూ చదువుతూ పడవ దగ్గర ఆగిపోయాం. పడవలో దుప్పటి కప్పుకుని పడుకున్నవాళ్లు ఒడ్డున బురదలో ఉన్నవాడితో ‘పోరాడు’ అన్నారు. బాయ్డ్‌కు తెలివి తక్కువ కావచ్చు, అయినా ఆ రోజు బురదలో నిలబడింది ఆయనే.

ఆదివారం పుల్పిట్ మీద నిలబడి, అఫ్జల్‌గంజ్‌లో ఉన్న పిల్లవాడితో ‘విశ్వాసముంటే ఆ ఉద్యోగం వదిలెయ్, దేవుడే చూసుకుంటాడు’ అని చెప్పడం మాకు ఒక్క నిమిషం పని. సంఘం ఆమెన్ అంటుంది. సోమవారం పొద్దున అప్పులవాడు తలుపు తట్టేది మా ఇంటికి కాదు.

1815లో సైన్యం తగ్గించినప్పుడు బాయ్డ్‌ను ఇంటికి పంపేశారు. మరుసటి ఏడు తన తప్పు లేదని చూపే పత్రాలన్నీ పోగుచేసి పుస్తకం వేయించుకున్నాడు. ఇండియా నుండి తెస్తుండగా ఇంగ్లీషు ఓడ పట్టుకుపోయిన సూరేకారం సరుకుకు నష్టపరిహారం అడగడానికి ఇంగ్లండు వెళ్లాడు. చాలా అడిగితే ముప్పై వేల డాలర్లు చేతికి వచ్చాయి. 1830లో బోస్టన్ రేవులో ఒక ఉద్యోగం ఇచ్చారు. అదే ఏడు అక్టోబరు 4న చనిపోయాడు. ఆయన జీవితంలో దేవుని ప్రస్తావన ఎక్కడైనా ఉందేమో అని వెదికాం, మాకు కనబడలేదు. అంతరంగం ప్రభువుకు తెలుసు.

ఇప్పుడు సంఘంతో మాట్లాడాలి. దావీదు కూడా కొంతకాలం ఫిలిష్తీయుల రాజు ఆకీషు దగ్గర ఆరువందల మందితో కొలువు చేశాడు. సిక్లగు కాలిపోయినప్పుడు తరుముకుంటూ వెళ్తే రెండువందల మంది అలసిపోయి బెసోరు వాగు దగ్గర ఆగిపోయారు. దోపుడు సొమ్ము తిరిగి దొరికాక, ఆగిపోయినవాళ్లకు పాలు ఎందుకని కొందరు గొణిగారు. దావీదు ఒప్పుకోలేదు. పోరాడినవాడికీ, సామాను దగ్గర ఉన్నవాడికీ సమాన పాలు అన్నాడు. మనం ఈ కథను ఎప్పుడూ ఇటువైపు నుండే చదివాం, పాలు పంచుకునే వైపు నుండి. పోయిన క్రిస్మస్‌కు ఆ బిడ్డ గోదాము జీతంలోంచి మైకు సెట్టుకు వెయ్యి రూపాయలు పంపాడు. మనం తీసుకున్నాం, పేరు చదివి చప్పట్లు కొట్టాం. వాడి జీతంలో మనకు పాలు ఉంటే వాడి చిక్కులోనూ ఉంటుంది.

వాడికి ఫోనులో చెప్పింది ఇదీ. నయమాను అడిగినట్టు నువ్వు అడిగావు, నీ మనస్సు మొద్దుబారలేదు, అందుకు దేవునికి స్తోత్రం. ఈ రాత్రికి ఈ రాత్రే వదలమని మేము చెప్పం, అక్కడే ఉండిపో అని కూడా చెప్పం. వేరే చోటికి మార్చమని ఏజెన్సీవాళ్లను అడుగు. వాళ్లు ఒప్పుకోకపోతే, వేరే పని దొరికేదాకా నీ అప్పు కిస్తీ సంఘం కట్టగలదా అని మేము పెద్దలను అడుగుతాం. వాడు చాలాసేపు ఏమీ అనలేదు. “మీరు అడుగుతరా అయ్యగారూ?” అన్నాడు. అడుగుతామన్నాం.

అడిగాం కూడా. స్త్రీల సమాజంవాళ్లు వెంటనే ఒక నెలకు ఒప్పుకున్నారు. పెద్దల్లో ఒకరికి అభ్యంతరం ఉంది. గుడి స్లాబు డబ్బు ఇలాంటివాటికి తీస్తే రేపు ప్రతి ఇంటివాళ్లూ అడుగుతారని ఆయన భయం. ఆ భయంలో న్యాయం లేదని అనలేం, మన ఊళ్లో అప్పు లేని ఇల్లు ఏదో చెప్పండి. అయినా స్లాబు ఇంకొక వానాకాలం ఆగినా ఫరవాలేదని మా ఉద్దేశం. రేకుల కింద పదకొండేళ్లు ఆరాధించినవాళ్లం.

ఈ ఆదివారం ఆరాధన తర్వాత అందరం కూర్చుంటున్నాం. పట్నంలో, గల్ఫులో ఉన్నవాళ్లు మీ మాట అమ్మగారి నంబరుకు వాయిస్ పెట్టండి, అక్కడ అందరికీ వినిపిస్తాం. ముఖ్యంగా యూనిఫాంలో పనిచేసే మన పిల్లలు మొహమాటపడకుండా చెప్పండి, ఎందుకంటే ఆ తలుపు దగ్గర ఎలా ఉంటుందో తెలిసింది మీకే. వాడి డ్యూటీ రాత్రి ఎనిమిదింటికి ఎక్కుతుంది. ఏడున్నరకు ఇంట్లో ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు రోజూ ఒక అయిదు నిమిషాలు వాడి కోసం ప్రార్థన చేయండి.